అధిభౌతికంలో ఆ 'ధి' సంగతేమిటి?

పదపిపాసి: ఉనికి మూలాల్ని వెతికే తత్త్వశాస్త్ర శాఖను, మెటాఫిజిక్స్‌ను, 'అధిభౌతికం' అంటున్నాం కదా. ఆ మాట గీత ఎనిమిదో అధ్యాయం నుంచి వచ్చిందని నా నమ్మకం. 'అధిభూతమక్షరో భావః' అని చదివిన గుర్తు. నశించనిదే అధిభూతమైతే పేరు చక్కగా అతికినట్టే. కానీ పాదం సరిగ్గా గుర్తుందా అని రెండు రోజులుగా ఒకటే పీకులాట.

గణవిభజన: అది 'అధిభూతం క్షరో భావః' అండీ. వేళ్ళమీద లెక్కపెట్టండి, ఎనిమిది అక్షరాలు. మీరు రాసినదాంట్లో తొమ్మిదొస్తాయి, పాదానికి ఎనిమిది అక్షరాలుండే అనుష్టుప్పు ఛందస్సులో ఇమడదు. ముందు శ్లోకం 'అక్షరం బ్రహ్మ పరమం' కదా, అక్కడి 'అ' ఇక్కడికి జారింది. అంటే నశించేదే అధిభూతం.

పాతపుటలు: తాపత్రయాల్లోనూ, అంటే మనిషికొచ్చే మూడు రకాల బాధల్లోనూ, అంతే. పాము కరిస్తే ఆధిభౌతికం, పిడుగు పడితే ఆధిదైవికం. భూతాల (ప్రాణుల) మధ్యే తిరిగే మాటను మెటాఫిజిక్స్‌కు తగిలించడం నాకు ఎన్నడూ మింగుడుపడలేదు. 'అతిభౌతికం' అనాల్సింది. 'తి' ఎక్కడో 'ధి' అయిందని నా అనుమానం.

మూలభాష: 'అతి' అంటే దాటినది. ఆ దాటడం గ్రీకు పేరులో లేదండీ. అక్కడ 'మెటా' అంటే 'తర్వాత', అంతే. అరిస్టాటిల్ ఈ పేరు వాడనే లేదు, 'ప్రథమ తత్త్వశాస్త్రం' అన్నాడు. క్రీ.పూ. 1వ శతాబ్దంలో ఆండ్రోనికస్ అనే పండితుడు ఆయన రచనల్ని వరసపెట్టినప్పుడు, ప్రకృతి గ్రంథాల తర్వాత చేర్చిన 14 భాగాలకు ఈ పేరొచ్చిందని చెప్పుకుంటారు. అరబ్బీలో కూడా 'ప్రకృతి తర్వాతది' అనే అన్నారు. తత్త్వవేత్త ఇబ్న్ సీనా అరిస్టాటిల్ పుస్తకాన్ని నలభైసార్లు చదివినా బోధపడలేదట. దానిమీద అంతకుముందటి తత్త్వవేత్త అల్ ఫారాబీ రాసిన చిన్న పుస్తకం చేతికొచ్చాకే తెలిసిందని స్వయంగా చెప్పుకున్నాడు.

పాతపుటలు: పుట్టుక అదే కావచ్చు, వాడుక అక్కడ ఆగలేదుగా. జర్మన్ తత్త్వవేత్త వుల్ఫ్ నాటికి ఆత్మ, జగత్తు, దేవుడు అన్నీ అందులో చేరాయి. అనుభవానికి అందని వాటిని బుద్ధితో తెలుసుకోగలమా అని 1781లో మరో జర్మన్ తత్త్వవేత్త కాంట్ నిలదీశాడు. మార్క్స్ సహచరుడు ఎంగెల్స్ దగ్గరికొచ్చేసరికి వస్తువుల్ని విడివిడిగా, కదలకుండా చూసే పద్ధతికి అది పేరైంది. మన మార్క్సిస్టు పుస్తకాల్లో గతితర్కానికి (అన్నిటినీ మార్పులో, పరస్పర సంబంధంలో చూసే పద్ధతికి) ఎదురుగా కనిపించే అధిభౌతికం ఇదే. గీతలో మారిపోయేదాన్ని చెప్పిన మాట, ఇక్కడ మార్పును చూడలేని చూపును చెబుతోంది! ఏ నిఘంటువైనా ఈ రెండర్థాలనూ పక్కపక్కన పెట్టి చూపాలి.

కావ్యపాఠకురాలు: 'తర్వాత', 'అవతల' రెండూ కావాలంటే పోతన గజేంద్రమోక్షంలో దేవుణ్ణి తలచిన పద్యం దగ్గరికి రండి. 'లోకంబులు లోకేశులు లోకస్థులుఁ దెగినఁ దుది నలోకంబగు పెంజీఁకటి కవ్వల'. 'తెగినఁ దుది' కాలం, 'అవ్వల' చోటు. ఏ తత్త్వవేత్తా ఇంత తక్కువ మాటల్లో చెప్పలేదు.

గణవిభజన: 'అవ్వల' కూడా కాలమే కావచ్చు కదా? చీకటి గడిచాక అని.

కావ్యపాఠకురాలు: ఒప్పుకోనండీ. ఆ తర్వాత వచ్చే క్రియ 'వెలుగున్'. ఎప్పుడూ జరిగేదాన్ని చెప్పే తద్ధర్మం అది, జరిగిపోయినదాన్ని చెప్పే 'వెలిగెన్' కాదు. చీకటి గడిచేదాకా ఆగి వెలిగేవాడు కాదు, ఎప్పుడూ వెలిగేవాడు. అందుకే 'అవ్వల' చోటే.

పదపిపాసి: నేనింకా 'ధి' దగ్గరే ఉన్నాను. పాత అచ్చు పుస్తకాల్లో 'అతిభౌతికం' ఎవరికైనా కనిపించిందా?

గణవిభజన: చూడాలి. మేడమ్, చోటే అయితే 'అలోకంబగు', అంటే లోకమే లేనిది, అన్నాక ఇక చోటెక్కడ మిగిలింది?