సన్నని ఆడగొంతుకు డైనమిక్ మైకు నప్పుతుందా? ‘స’, ‘ష’ చెవిలో గుచ్చుతున్నాయి

పైషడ్జమం:
ఇంట్లో రికార్డింగ్. పాడేది సన్నని ఆడగొంతు, పైస్థాయిలో బాగా పలుకుతుంది, మంద్రంలో బలం తక్కువ. ఇప్పుడున్నది ఎంట్రీ లెవెల్ కండెన్సర్ (సున్నితమైన, ఫాంటమ్ పవర్ కావాల్సిన మైకు), కార్డియాయిడ్ (ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టేది). నోటికి 25 సెం.మీ. దూరంలో, సూటిగా ఎదురుగా పెట్టాం. స, శ, ష, ఛ వచ్చినచోటల్లా ఈల వేసినట్టు ఉంటోంది. డీ-ఎస్సర్ (‘స’ లాంటి శబ్దాలను అణిచే ఎఫెక్ట్) గట్టిగా వేస్తే నత్తి వచ్చినట్టు వినిపిస్తోంది. గది 10×12 అడుగులు, గోడలు ఖాళీ. ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె) గెయిన్, అంటే సిగ్నల్‌ను పెంచే శక్తి, గరిష్ఠంగా 56 డీబీ. షూర్ ఎస్‌ఎం7బి అనే డైనమిక్ మైకు (తీగచుట్ట కదలికతో పనిచేసేది) తీసుకుంటే సమస్య తీరుతుందా?

తీగసవరణ:
కొనే ముందు ఆ ఈల ఏ ఫ్రీక్వెన్సీలో ఉందో పట్టుకోండి. ‘స’ ఎక్కువగా ఉన్న ఒక్క పాదాన్ని లూప్‌లో పెట్టి, ఈక్యూలో (ఫ్రీక్వెన్సీలను విడిగా పెంచే, తగ్గించే సాధనం) సన్నని బ్యాండు తీసుకుని 8 డీబీ పెంచి, 4 నుంచి 10 కిలోహెర్ట్జ్ దాకా మెల్లగా జరపండి. ఎక్కడ భరించలేనంతగా ఉంటుందో అదే చోటు. ఆడగొంతుల్లో తరచుగా 6–8 మధ్య తగులుతుంది. ఇప్పుడు మీ మైకు ఫ్రీక్వెన్సీ గ్రాఫు తీసి చూడండి. గ్రాఫులో గీత పైకి లేచిన ఎత్తు కూడా అక్కడే ఉంటే రెండూ కలిసి గుచ్చుతున్నట్టే. చాలా కండెన్సర్లలో ఆ భాగాన్ని కావాలనే పెంచుతారు. న్యూమన్ టీఎల్‌ఎం 103లో కూడా 5 కిలోహెర్ట్జ్ పైన 4 డీబీ దాకా ఎత్తు ఉంది. కాబట్టి ఖరీదైనది కొన్నంత మాత్రాన ఈల పోదు.

తర్వాత మైకు కదపండి. క్యాప్సూల్‌ను (మైకులో శబ్దాన్ని పట్టే భాగం) ముక్కు ఎత్తుకు తెచ్చి, గాయని ముఖం నుంచి 20–30 డిగ్రీలు పక్కకు తిప్పండి. పాట మాత్రం మునుపటిలాగే నేరుగా పాడాలి. కార్డియాయిడ్‌లో పక్కనుంచి వచ్చే హై ఫ్రీక్వెన్సీలు తగ్గుతాయి, లో దాదాపు అలాగే ఉంటుంది. పెద్ద డయాఫ్రమ్ అయితే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. నోటికీ మైకుకీ 15 సెం.మీ. చాలు, పాప్ ఫిల్టర్ మైకుకు 6–7 సెం.మీ. ముందు ఉంచండి. దగ్గరయ్యేకొద్దీ బేస్ పెరిగి సన్నని గొంతుకు ఒళ్ళు వస్తుంది. 25 సెం.మీ.లో మీకది అందడం లేదు.

గెయిన్‌ముల్లు:
ఎస్‌ఎం7బి గురించి అడిగారు కాబట్టి లెక్క చూద్దాం. దాని సెన్సిటివిటీ (ఒకే శబ్దానికి మైకు ఇచ్చే సిగ్నల్ బలం) మైనస్ 59 డీబీవీ. మామూలు కండెన్సర్లు మైనస్ 32 నుంచి 38 దాకా ఉంటాయి. అంటే 20 డీబీకి పైగా తేడా. 56 డీబీ గెయిన్‌తో, నోటికి 5–8 సెం.మీ. దగ్గరగా గట్టిగా పాడితే సరిపోతుంది. మెల్లగా పాడే చరణం వచ్చేసరికి గెయిన్ ముల్లు చివరికంటా తిప్పాల్సి వస్తుంది, అక్కడ హిస్ (సన్నని ‘స్స్’ రొద) మొదలు. మైకుకీ ఇంటర్‌ఫేస్‌కీ మధ్యలో క్లౌడ్‌లిఫ్టర్ సీఎల్-1 లాంటి బూస్టర్ పెడితే 25 డీబీ దాకా వస్తుంది. అది ఇంటర్‌ఫేస్ కేబుల్‌లో పంపే 48 వోల్టుల ఫాంటమ్ పవర్‌తోనే పనిచేస్తుంది కానీ ఆ కరెంటును మైకు వైపు వదలదు. మొత్తం ఖర్చు ఇదంతా కలిపి చూసుకోండి.

డైనమిక్ అనగానే మెత్తగా ఉంటుందనుకోవద్దు. ఎస్‌ఎం58కి కూడా 4–6 కిలోహెర్ట్జ్ దగ్గర ఎత్తు ఉంది, కొన్ని గొంతులకు అది ముక్కుతో పాడినట్టు వినిపిస్తుంది. ఎలక్ట్రో-వాయిస్ ఆర్‌ఈ20 మంచి మైకే, కానీ దగ్గరకు వచ్చినా బేస్ పెరగకుండా ఉండేలా దాన్ని తయారు చేశారు. సన్నని గొంతుకు మీరు కోరుకునే లాభమే అందులో ఉండదు.

గోడచెవి:
“డైనమిక్ అయితే గది (గోడలకు తగిలి వచ్చే మోత) వినపడదు” అని చాలామంది అనేది సగం నిజమే. శబ్దం పట్టే ప్యాటర్న్ (కార్డియాయిడ్ లాంటిది) ఒకటే, దూరం ఒకటే, లెవెల్ సమానం చేసి వింటే గది రెండింట్లోనూ ఇంచుమించు ఒకేలా వస్తుంది. డైనమిక్‌ను మూతికి ఆనించినట్టు పెట్టి పాడతారు కాబట్టి తక్కువ అనిపిస్తుంది, అంతే. దూరం సగమైతే గొంతు 6 డీబీ పెరుగుతుంది, గది మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

మందపాటి రజాయిలు గాయని వెనక, రెండు పక్కలా కట్టండి. మైకు వెనక కాదు. కార్డియాయిడ్‌కు వీపు వైపు చెవి లేదు, ఆమె వెనక గోడకు కొట్టి తిరిగొచ్చేదే నేరుగా లోపలికి పోతుంది. గది సరిగ్గా మధ్యలోనూ, మూలల్లోనూ నిలబెట్టొద్దు. రజాయి 300 హెర్ట్జ్ దగ్గర డబ్బాలో పాడినట్టుండే మోతను పెద్దగా తగ్గించదు, దానికి 10 సెం.మీ. రాక్‌వూల్ ప్యానెళ్ళు కావాలి.

పైషడ్జమం:
మైకు తిప్పి, 15 సెం.మీ.కి తెచ్చాం. ఈల 7 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంది, సగానికి పైగా తగ్గింది. ఓ ఎస్‌ఎం58 అరువుకు దొరుకుతోంది. పోల్చడం ఎలా?

తీగసవరణ:
ఒక మైకు నిలువుగా, ఇంకొకటి పైనుంచి తలకిందులుగా, రెండు క్యాప్సూళ్ళూ దాదాపు ఆనుకునేలా పెట్టి, ఒకే టేక్ రెండు ట్రాకుల్లో తీసుకోండి. విడివిడిగా పాడించి పోలిస్తే మైకు తేడానా, పాడిన తీరు తేడానా తెలియదు. పీకులు (గరిష్ఠ స్థాయి) మైనస్ 12 డీబీ దాటనివ్వకండి, 24 బిట్ చాలు. తర్వాత రెండు ట్రాకుల లెవెల్ అర డీబీ తేడాలోకి తేవాలి. ఇది మానేస్తే ఎక్కువ మోగినదే బాగుందనిపిస్తుంది. ఒక ట్రాకు మ్యూట్ చేసి ఇంకొకటే వినండి, రెండూ కలిపి మోగిస్తే గొంతు బోలుగా మారుతుంది. పాటలో ఒక మంద్ర పంక్తి, ఒక తారస్థాయి పంక్తి, ‘భ’, ‘ఫ’ ఉన్న చోటు ఒకటి ఉండాలి. సోలోలో కాదు, తంబురా, తబలా మోగుతుండగా వినండి. ఒంటరిగా పలుచగా అనిపించిన గొంతు అక్కడ చక్కగా కుదరొచ్చు.

గెయిన్‌ముల్లు:
ఒక్క మాట. ఈ గొంతుకు హై-పాస్ ఫిల్టర్ (కింది ఫ్రీక్వెన్సీలను కోసేది) 90 హెర్ట్జ్ దాటించకండి. 200–250 హెర్ట్జ్ మధ్య ఒకటిన్నర, రెండు డీబీ పెంచి చూడండి. డీ-ఎస్సర్‌ను 7 కిలోహెర్ట్జ్‌కి కట్టి, 3–4 డీబీ మించి తగ్గకుండా ఉంచితే నత్తి పోతుంది.