చుట్టాల దగ్గర మగ్గం వర్క్‌కు డబ్బు తీసుకోవచ్చా? సరదా పనికి రేటు ఎంత పెట్టాలి?

సూదీదారం (కాకినాడ)
నేను ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. ఐదేళ్ల క్రితం పక్కింటి పిన్నిగారి దగ్గర సరదాకి మగ్గం వర్క్ నేర్చుకున్నాను. రాత్రి వంట అయ్యాక ఫ్రేమ్ ముందు కూర్చుంటే పేపర్లు దిద్దే టెన్షన్ అంతా పోతుంది. కిందటి మాఘంలో మా ఆడపడుచు కూతురి పెళ్లికి జాకెట్టు కుట్టిచ్చాను. అది చూసినవాళ్లు నా నంబరు తీసుకుని ఇప్పటికీ ఫోన్లు చేస్తున్నారు. ఒక్కోదానికి 1,500 తీసుకుంటున్నాను. "ఖాళీగా ఉన్నప్పుడు చేసేదేగా, వెయ్యికి చెయ్యి" అంటారు చుట్టాలు. బయట 3,000 ఉంది, అంతే అడుగు అంటారు మావారు. మనవాళ్ల దగ్గర డబ్బులేంటే అని అమ్మ కోప్పడుతోంది. డబ్బు అవసరమే, బాబు ట్యూషన్ ఫీజుకి అక్కరకొస్తోంది. కానీ రేటు పెట్టాక సరదా మిగులుతుందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మిద్దెతోట (హైదరాబాద్)
మిగలదమ్మా. రిటైరయ్యాక మేడ మీద బీర, సొర, వంగ పెంచాను. ఎవరో అడిగారని నారు అమ్మడం మొదలుపెట్టాను. ఆరు నెలలకే పొద్దున లేచి మొక్కల దగ్గరికి కాదు, ఫోన్ దగ్గరికి వెళ్లడం అలవాటైంది. "మీ నారు వాడిపోయింది, డబ్బులు వెనక్కివ్వండి" అని ఒకాయన ఇంటికే వచ్చాడు. ఆ రోజే ఆపేశాను. ఇప్పుడు విత్తనాలు ఊరికే ఇస్తాను, వాళ్ల దగ్గరున్నవి తీసుకుంటాను. మనసుకి హాయిగా ఉంది. మీకున్న ఆ ఒక్క గంటా అమ్ముకోకండి.

పద్దుపుస్తకం (విజయవాడ)
బాబాయ్ గారికి పెన్షన్ వస్తుంది కాబట్టి ఆపగలిగారు. ఈవిడకి ఫీజు కట్టాలి. సరదా సంగతి తర్వాత చూద్దాం. అక్కా, ఒక జాకెట్టుకి మెటీరియల్ ఎంత, ఎన్ని గంటలు పడుతుంది? మొత్తం లెక్క వేసి చెప్పండి.

సూదీదారం
లెక్కల టీచర్ని అయ్యుండి ఈ లెక్క ఇంతవరకూ వెయ్యలేదు. రాత్రి కూర్చుని రాశాను. జర్దోసీ తీగ, కట్‌దానా పూసలు, కుందన్ రాళ్లు, జరీదారం కలిపి 450. బటర్ పేపర్ మీద డిజైన్ గీసి, గీత వెంట పిన్నుతో చిల్లులు పొడిచి, పౌడరు కలిపిన కిరసనాయిలు దూదితో అద్ది బట్ట మీదికి దించడానికే రెండు గంటలు. మెడ, చేతులు కుట్టడానికి ఇరవై నాలుగు. బట్ట బిగువు కొంచెం తగ్గినా గొలుసుకుట్టు ముడతలు పడుతుంది, విప్పి మళ్లీ బిగించాలి. అంటే 1,050 రూపాయలకి 26 గంటలు. గంటకి 40 రూపాయలు! చుట్టాలు అడిగే వెయ్యికైతే 21.

ఆరీసూది (రాజమండ్రి)
మేడమ్, నాది మగ్గం షాపు, పన్నెండేళ్లుగా ఇదే నా బతుకు. కొంచెం కటువుగా చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. మీరు చెప్పిన జాకెట్టే నా దగ్గర ఇద్దరు కుర్రాళ్లు ఫ్రేమ్‌కి అటొకరు ఇటొకరు కూర్చుని ఒకటిన్నర రోజులో తీస్తారు. మనిషికి రోజుకి 700 ఇస్తాను, అక్కడికే 2,100. మెటీరియల్‌తో 2,550. షాపు అద్దె, కరెంటు పోగా 3,000లో నాకు మిగిలేది ఏమీ ఉండదు. మొన్న ఒకావిడ వచ్చి ఫోన్లో ఫోటో చూపించి "ఇంట్లో చేసే టీచరు 1,500కే ఇచ్చింది, మీరెందుకు దోచుకుంటున్నారు" అంది. అది మీరే అనడం లేదు. కానీ కంప్యూటర్ ఎంబ్రాయిడరీ ఒకపక్క మా పని లాగేసుకుంటోంది, ఇంకోపక్క ఇంట్లో సరదాకి చేసేవాళ్ల రేటు. ఆషాఢంలో మా కుర్రాళ్లకి పని ఉండదు, శ్రావణం కోసం ఎదురుచూస్తారు. ఆ శ్రావణంలో కూడా ఇలా అయితే వాళ్లు ఏం తింటారు? కుట్టండి, సంతోషం. రేటు మాత్రం చంపకండి. చుట్టానికి ఊరికే ఇస్తే ఊరికే ఇవ్వండి, అది మీ ప్రేమ. సగం రేటుకి ఇస్తే అదే బయట రేటు అయి కూర్చుంటుంది.

గోదారిలేసు (పాలకొల్లు)
అన్న చెప్పింది అక్షరాలా నిజం. మాది లేసు అల్లే కుటుంబం. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన అల్లిక ఇది, నర్సాపురం చుట్టుపక్కల పల్లెల్లో ఎన్నో ఇళ్లలో అల్లేవాళ్లు. మధ్యాహ్నం అన్నాలయ్యాక మా అమ్మమ్మ అరుగు మీద కూర్చునేది, ఎడమ చూపుడువేలికి దారం చుట్టుకుని. ఆ వేలి మీద దారం ఒరిసిన గాడి చివరిదాకా పోలేదు. ఏజెంటు దారపుండలు ఇచ్చి వెళ్లేవాడు, అల్లినవి తీసుకుని ముక్కకింత అని చేతిలో పెట్టేవాడు. అవి విదేశాలకి వెళ్లేవి. అదేం కూలి అని అడిగితే "ఖాళీగా కూర్చునే బదులు నాలుగు రూపాయలు వస్తున్నాయిగా" అనేది అమ్మమ్మ కూడా.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నర్సాపురం వచ్చి ఈ లేసు పని మీద పరిశోధించి, 1982లో పుస్తకం వేశారు. వీళ్లని కార్మికులుగా కాక, తీరిక వేళల్లో అల్లుకునే గృహిణులుగా చూడడం వల్లే కూలి అంత తక్కువగా ఉందన్నది ఆవిడ వాదన. 2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, మాకందరికీ గర్వంగా ఉంది. చెల్లీ, మీ చుట్టాలు అనే "ఖాళీగా ఉన్నప్పుడు చేసేదేగా" మా ఇంట్లో మూడు తరాలు విన్నాం. ఆ మాటకి మీరు తలూపకండి.

మిద్దెతోట
గోదారిలేసు గారూ, కళ్లు చెమర్చాయి. అయినా నా మాట అదే. మీ అమ్మమ్మకి అది బతుకుతెరువు, ఈ అమ్మాయికి విశ్రాంతి. పగలంతా బడిలో నిలబడి, రాత్రి పదకొండింటిదాకా మెడ వంచి కుడితే నడుం, కళ్లు ఏమవుతాయి? 3,000 ఇచ్చినవాళ్లు 3,000కి తగ్గ తొందర పెడతారు.

తోకలేనిపిట్ట (తెనాలి)
మధ్యలో ఒక సందేహం. నేను పోస్టాఫీసులో చేస్తాను, మా ఆవిడ కూడా ఇలాగే మొదలుపెట్టింది. నాకేమైనా ఇబ్బందా?

పద్దుపుస్తకం
మీకు వర్తించేవి 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమాలు. 15వ నియమం ప్రకారం మీరు ముందస్తు అనుమతి లేకుండా వ్యాపారం చెయ్యకూడదు. అప్పుడప్పుడు చేసే సాహిత్య, కళా సంబంధమైన పనికి మినహాయింపు ఉంది. మీ ఆవిడ చెయ్యడంలో తప్పు లేదు, కాకపోతే కుటుంబంలో ఎవరైనా వ్యాపారం చేస్తుంటే ఆఫీసుకి తెలియజేయాలి. ఒక కాగితం రాసిచ్చేయండి, నిశ్చింతగా ఉంటారు. సూదీదారం అక్కా, మీరు కూడా స్కూలు వాళ్లిచ్చిన అపాయింట్‌మెంట్ లెటర్ ఒకసారి చదువుకోండి. యూపీఐలో వచ్చేదంతా ఖాతాలో కనబడుతుంది కాబట్టి ఆదాయపు పన్ను రిటర్నులో చూపించండి. డిజిటల్‌గా వచ్చినదాంట్లో కనీసం 6 శాతం, నగదులో 8 శాతం లాభంగా చూపించే సులువైన పద్ధతి చిన్న వ్యాపారాలకి ఉంది.

సూదీదారం
అందరికీ దండాలు. ఆరీసూది అన్నయ్యా, మీ కుర్రాళ్ల సంగతి చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. నా 1,500 ఇంకొకరి కూలి మీద పడుతుందని ఎప్పుడూ అనుకోలేదు. నిన్న మా పెద్దమ్మ కోడలు ఫోన్ చేస్తే 3,000 అన్నాను. కాసేపు మాట్లాడలేదు, తర్వాత "సరే, నెమలి డిజైన్ పెట్టు" అంది. ఆ రేటు విన్న ఇంకో ఇద్దరు మాత్రం మళ్లీ ఫోన్ చెయ్యలేదు.

బాబాయ్ గారి మాట కూడా వింటున్నాను. నెలకి రెండే తీసుకుంటాను. ఆదివారం ఫ్రేమ్ మీద ఆర్డరు ఉండదు. ఈ ఆదివారం అమ్మకి చామంతి రంగు జాకెట్టు మొదలుపెట్టాను. దానికి రేటు లేదు.

ఆరీసూది
సంతోషం చెల్లమ్మా. శ్రావణంలో మీకు ఎక్కువైన ఆర్డర్లు ఉంటే మా షాపుకి పంపండి. నెమలి కంఠానికి నీలం కట్‌దానా వెయ్యండి, కుందన్ వేస్తే బరువుకి మెడ దగ్గర బట్ట లాగేస్తుంది.