బెయిల్‌కి ఊరి కోర్టు వకీలా, హైకోర్టు లాయరా?

గోదారిగట్టు:
"మావాణ్ని స్టేషనుకి తీసుకెళ్లారు, ఏ లాయర్ని పెట్టమంటారు?" ఈ ప్రశ్న ఇక్కడ పదేపదే వస్తోంది. పేరున్న హైకోర్టు లాయర్ని పట్టుకోమని కొందరంటారు. ఆ స్టేషను ఏ కోర్టు కిందికొస్తుందో ఆ బార్‌లో వకీలు చాలని కొందరంటారు. నేను రెండో పక్షం. మొదటి రోజు కావాల్సింది మనిషి అక్కడ నిలబడి ఉండటం.

బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 58వ సెక్షన్ ప్రకారం, ప్రయాణానికి పట్టే సమయం పోను 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. శనివారం రాత్రి అరెస్టయితే ఆదివారం మేజిస్ట్రేటు గారి ఇంటికే తీసుకెళ్తారు. ఆ రోజు ఇన్‌చార్జి ఎవరు, ఎన్నింటికి తెస్తారు అన్నది అక్కడి వకీలుకి, ఆయన గుమాస్తాకి ఒక్క ఫోన్‌తో తెలుస్తుంది. రెండు వందల కిలోమీటర్ల అవతల ఉన్నాయనకి తెలిసేలోపు రిమాండు అయిపోతుంది.

వెళ్లిన వకీలు ముందు చూడాల్సింది రిమాండు రిపోర్టులో అరెస్టు టైము. ఇంట్లోంచి తీసుకెళ్లింది పొద్దున్న ఎనిమిదికి, కాగితం మీద అరెస్టు రాత్రి తొమ్మిదికి అని ఉంటే ఆ మాట అప్పుడే చెప్పాలి. ఒంటి మీద దెబ్బలుంటే మేజిస్ట్రేటుకి చూపించాలి. బంధువుకి కబురు చేశారా (48వ సెక్షన్) అన్నది కూడా అడగాలి. అన్నట్టు, పెట్టినవన్నీ బెయిలబుల్ సెక్షన్లే అయితే 478 కింద బెయిల్ హక్కు. స్టేషనులోనే ఇచ్చి పంపాలి.

నేలపాడు దారి:
గోదారిగట్టు గారూ, హాజరవడం వేరు, అభ్యంతరం పెట్టడం వేరు. రోజూ అదే ఎస్సైతో పని పడే వకీలు "ఈ అరెస్టే చెల్లదు" అని గట్టిగా అంటాడా? చాలాచోట్ల వకాలతు వేసి, పద్నాలుగు రోజుల రిమాండుకి తలూపి బయటికొస్తారు. నాకు కోపం అక్కడే.

ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో మామూలుగా 35(3) నోటీసు ఇచ్చి పిలవాలి. అరెస్టు తప్పలేదంటే ఎందుకు తప్పలేదో పోలీసులు రాసివ్వాలి, మేజిస్ట్రేటు అది చదివాకే రిమాండు ఇవ్వాలి. 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. అరెస్టు కారణాలు తెలపకపోతే అరెస్టే చెల్లదని 2025 ఫిబ్రవరిలో విహాన్ కుమార్ తీర్పు వచ్చింది. ఆ కారణాలు రాతలో, మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలనీ, ఎంత ఆలస్యమైనా రిమాండుకి తెచ్చే రెండు గంటల ముందైనా అందాలనీ అదే ఏడాది నవంబరులో ఇంకో తీర్పు. ఇవన్నీ ఒక్క పేజీ మెమోగా రాసి ఆ పూటే దాఖలు చేయాలి. నోటితో చెప్పి ఊరుకుంటే రికార్డులోకి ఎక్కదు.

రెండోది, తొందర పిటిషన్లు. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాల్లో మేజిస్ట్రేటుకి చేతులు కట్టేసినట్టే. ఆడవాళ్లు, పిల్లలు, జబ్బుమనుషులకి మాత్రమే 480లో వెసులుబాటుంది. అయినా అక్కడే పిటిషను వేసి, డిస్మిస్ చేయించుకుని, రోజులు పోగొట్టుకుని సెషన్స్‌కి వస్తారు. ముందు వేసిన ప్రతి పిటిషనూ, దాని ఫలితమూ తర్వాతి దాంట్లో రాయాలి. దాచితే అదే కారణం మీద కొట్టేస్తారు.

గంజాయి కేసులు చూడండి. 20 కిలోలు మించితే మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) 37వ సెక్షన్ బెయిల్‌కి అడ్డం నిలబడుతుంది. కిలో దాటి 20 లోపైతే ఆ అడ్డు లేదు. చట్టం దృష్టిలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు. వాటితో కలవని ఆకులు, గింజలు లెక్కలోకి రావు. పంచనామాలో కాడలతో సహా మొత్తం మోపు తూచి 22 కిలోలని రాస్తే, బెయిల్ అంతా ఆ తూకం మీదే తిరుగుతుంది. ఇది వాదించడానికి ఆ పనిలో ఆరితేరిన మనిషి కావాలి.

జామీను కాగితం:
ఇద్దరూ ఆర్డరు వచ్చేదాకానే మాట్లాడుతున్నారు. ఆర్డరు వచ్చాక వారాల తరబడి లోపలే ఉండిపోయేవాళ్ల సంగతేమిటి? వాళ్లని ఆపేది జామీను.

మన కోర్టుల్లో మామూలుగా ఇద్దరు ష్యూరిటీలు అడుగుతారు. ఒక్కొక్కరికి ఆధార్, ఫొటోలు కావాలి. ఆస్తి చూపించేవాళ్లు ఇంటి పన్ను రసీదుతో పాటు పంచాయతీ లేక మున్సిపాలిటీ ఇచ్చిన విలువ ధ్రువపత్రం తేవాలి, ఉద్యోగులు జీతం సర్టిఫికెట్ తేవాలి. ఎక్కడ బెడిసికొడుతుందంటే, ఇల్లు చనిపోయిన తండ్రి పేరునే ఉంటుంది. లేదా ఆధార్‌లో ఇంటిపేరు ఒక రకంగా, పన్ను రసీదులో ఇంకో రకంగా ఉంటుంది. లేదా అదే మనిషి ఇదివరకే ఇంకో కేసులో జామీను ఉంటాడు. బెయిల్ పిటిషను వేసిన రోజే ఈ కాగితాలు సర్దుకోవాలి. ఆర్డరు శుక్రవారం వచ్చి, ధ్రువపత్రం కోసం సోమవారం పంచాయతీ ఆఫీసు చుట్టూ తిరిగితే నాలుగు రోజులు జైల్లోనే.

కోర్టు ఆవరణలో "డబ్బులిస్తే జామీను ఉంటాం" అనేవాళ్ల దగ్గరికి పోవద్దు. ఆ పత్రాలు దొంగవని తేలితే మీవాడి మీద ఇంకో కేసు పడొచ్చు. వకీలు తానే జామీను ఉంటానన్నా నమ్మకండి, బార్ కౌన్సిల్ నిబంధనలు దాన్ని నిషేధించాయి.

స్థానికుడే జామీను ఉండాలన్న పట్టుదల మీద 1978లో మోతీరామ్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ గట్టిగా రాశారు. ఓ తాపీమేస్త్రీకి పదివేల జామీను అడిగి, పరాయి జిల్లా ష్యూరిటీని తిప్పికొట్టిన కేసు అది. మలయాళీయో తెలుగువాడో దూర ప్రాంతంలో అరెస్టయితే అక్కడ ఆస్తి ఉన్న జామీను ఎక్కణ్ణించి తెస్తాడని ఆయన అడిగారు. సూరత్‌కో ముంబైకో పనికి వెళ్లే మనవాళ్లకి ఇవాళ్టికీ పనికొచ్చే తీర్పిది. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇంకా ముందుకెళ్లింది. ఆర్డరు కాపీ అదే రోజో మర్నాడో ఈమెయిల్‌లో జైలుకి చేరాలి. ఏడు రోజుల్లో విడుదల కాకపోతే సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థకి తెలపాలి. నెలలోపు జామీను ఇవ్వలేకపోతే షరతు సడలించే విషయం కోర్టు తనంతట తానే చూడొచ్చు. పూచీ మొత్తం తగ్గించమని బీఎన్‌ఎస్‌ఎస్ 484 కింద మనమూ అడగొచ్చు.

గోదారిగట్టు:
అదే నేననేది. ఈ కాగితాల తిరుగుడంతా ఏ హైకోర్టు లాయరు చేస్తాడు? మెమో సంగతి నేలపాడు గారు చెప్పింది ఒప్పుకుంటాను. మెమో వేయని వకీలుని మార్చేయండి. ఫీజు బాకీ ఉందని కేసు కాగితాలు పట్టుకు కూర్చునే హక్కు ఆయనకి లేదు.

పదిహేనూ వందా:
ఫీజు మాట వచ్చింది కాబట్టి. కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో పని లేకుండా, ఉచిత లాయరుని పొందే హక్కుంది. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ అది. 15100కి ఫోన్ చేయొచ్చు, లేదా జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థకి వెళ్లొచ్చు. రిమాండు రోజున లాయరు లేడని మేజిస్ట్రేటుకి చెప్పినా సరే. "ఉచితం కాబట్టి చూసీచూడనట్టు చేస్తారు" అని బంగారం కుదువపెట్టి ప్రైవేటు లాయరుకి పోసే కుటుంబాలని చూస్తే బాధేస్తుంది. ఇప్పుడు జిల్లాల్లో ఈ పనికే పెట్టిన లాయర్లు (డిఫెన్స్ కౌన్సిళ్లు) ఉన్నారు. ముందు వాళ్లని కలవండి.

ప్రైవేటుగా పెట్టుకుంటే రిమాండుకెంత, బెయిల్ పిటిషనుకెంత, ష్యూరిటీల పనికెంత అన్నది విడివిడిగా మాట్లాడుకుని రసీదు తీసుకోండి. "బెయిల్ వస్తేనే ఫీజు" అనే ఒప్పందం నిబంధనలకి విరుద్ధం. "బెయిల్ గ్యారంటీ" అన్నవాడి దగ్గర కూర్చోకండి. పిటిషను వేశానంటే నంబరు అడిగి, ఈకోర్ట్స్ యాప్‌లో మీరే చూసుకోండి.

నేలపాడు దారి:
ఊరి వకీలుని నేనూ వద్దనను. కానీ ఒక్క లెక్క మాత్రం ఇంట్లోవాళ్లే గోడ మీద రాసి పెట్టుకోవాలి. మనం మాండేటరీ బెయిల్ అంటామే, బీఎన్‌ఎస్‌ఎస్ 187(3), అది. 60 రోజుల్లో, పదేళ్లు ఆపైన శిక్ష పడే నేరాల్లో 90 రోజుల్లో, చార్జిషీటు పడకపోతే బెయిల్ హక్కు. 20 కిలోలు మించిన గంజాయికి అది 180. రిమాండు అయిన రోజే ఒకటో రోజు. జనవరి 1న రిమాండయితే, లీపు సంవత్సరం కానప్పుడు, మార్చి 1కి అరవై నిండుతాయి. మార్చి 2 పొద్దున్నే పిటిషను పడాలి. ఆ రోజు మధ్యాహ్నం చార్జిషీటు వచ్చినా, అప్పటికే పడిన పిటిషను చావదు. సాయంత్రం వేద్దామనుకుంటే ఆ హక్కు పోతుంది. పోయాక ఏ హైకోర్టు లాయరూ దాన్ని వెనక్కి తేలేడు.