క్లాస్ వన్ మెడికల్ ఫైల్ రివ్యూలో ఆగిపోయింది, ఎవరికైనా ఇలా జరిగిందా?

కుడిసీటు:

అందరికీ నమస్కారం. నేను టర్బోప్రాప్ (ప్రొపెల్లర్ విమానం) మీద ఫస్ట్ ఆఫీసర్‌ని, అంటే కో-పైలట్‌ని. క్లాస్ వన్ మెడికల్ (ఎయిర్‌లైన్ పైలట్‌కి ఉండాల్సిన ఆరోగ్య సర్టిఫికెట్) రెన్యూవల్‌కి వెళ్తే అల్ట్రాసౌండ్ స్కానింగ్‌లో ఎడమ కిడ్నీలో 4 మిల్లీమీటర్ల రాయి కనిపించింది. నొప్పి లేదు, మంట లేదు, అది ఉన్నట్టే నాకు తెలియదు. ఎగ్జామినర్ గారు ‘టెంపరరీ అన్‌ఫిట్’ అని రాశారు. దానితో నాకు పేచీ లేదు. గ్రౌండ్ అయి ఇంట్లో ఉండగానే ఒక రాత్రి ఆ రాయి కదిలింది. నేల మీద మెలికలు తిరిగిపోయాను, పక్కవాళ్లు ఏం మాట్లాడుతున్నారో కూడా చెవికెక్కలేదు. అదే నొప్పి ల్యాండింగ్‌కి దిగుతున్నప్పుడు వచ్చి ఉంటే నేను సీట్లో ఉన్నా లేనట్టే. కాబట్టి నన్ను ఆపడం ముమ్మాటికీ సరైనదే.

నా బాధంతా ఆ తర్వాతి సంగతి గురించి. యూరాలజిస్ట్ చిన్న జల్లెడ లాంటిది ఇచ్చి, మూత్రం వడగట్టి రాయి పట్టుకోమన్నారు. పట్టుకున్నాను. చూస్తే ఆవగింజ కంటే కాస్త పెద్దది, గోధుమ రంగు, ఒక పక్క ముల్లు తేలి ఉంది. ల్యాబ్‌లో కాల్షియం ఆక్సలేట్ అని తేలింది. సీటీ స్కాన్ తీయించాను, రెండు కిడ్నీల్లోనూ ఏమీ లేవు. డాక్టర్ దగ్గర లెటర్ తీసుకుని అన్నీ కలిపి మెడికల్ తేల్చే అథారిటీకి పంపాను.

అప్పటి నుంచి పోర్టల్‌లో ఒకటే మాట: ‘పరిశీలనలో ఉంది’. ఫోన్ చేస్తే ‘ఫైల్ డాక్టర్ గారి టేబుల్ మీద ఉంది’ అంటారు. చాలా రోజుల తర్వాత ఒక క్వెరీ వచ్చింది, ‘స్పెషలిస్ట్ అభిప్రాయం సమగ్రంగా లేదు’ అని. ఏం తక్కువైందో రాయలేదు. అదే లెటర్‌ని ఇంకో రెండు వాక్యాలు కలిపి మళ్లీ పంపాను. ఇప్పుడు ఫైల్ మళ్లీ వరసలో చివరికి పోయిందట.

నెలలు గడిచాయి. ఫ్లయింగ్ అలవెన్స్ లేదు, బేసిక్ జీతమే. అది ఎలాగో సర్దుకుంటాం. రోస్టర్ వాళ్లు ప్రతి నెలా ‘నిన్ను వేసుకోవాలా వద్దా’ అని అడుగుతుంటే చెప్పడానికి నా దగ్గర జవాబు లేకపోవడమే ఎక్కువ నలిపేస్తోంది. ఫలానా తేదీకి తేలుతుందంటే ఎంత దూరమైనా ఓపిక పడతాను. తేదీ లేని ఎదురుచూపే భరించలేకపోతున్నాను. 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు చేసి ఉండాలనే రీసెన్సీ షరతు కూడా తప్పిపోయింది.

అడగాలనుకున్నది ఇదీ. సమగ్రమైన లెటర్ అంటే అందులో ఏముండాలి? ఈ లోపు నేను చేసుకోగలిగింది ఏమైనా ఉందా? ఇంకో సంగతి. మా బ్యాచ్ కుర్రాడొకడు, ‘అన్నా, ముందే బయట స్కానింగ్ చేయించుకుని, రాయి పోయాక మెడికల్‌కి వెళ్లుంటే ఈ గొడవే ఉండేది కాదుగా’ అన్నాడు. ఆ మాట నన్ను వదలడం లేదు. నిజం బయటపడ్డందుకు నెలల తరబడి శిక్ష అనిపిస్తే, రేపు వాడు ఏం నేర్చుకుంటాడు?

పాతకెప్టెన్:

తమ్ముడూ, నీ పోస్ట్ రెండుసార్లు చదివాను. నాకు 60 దాటాయి. అంటే ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) లైసెన్స్ నియమాలైన అనెక్స్ 1 ప్రకారం నా మెడికల్ ఆరు నెలలే చెల్లుతుంది, ఏడాదికి రెండుసార్లు ఈ వాకిలి తొక్కాలి. ఇద్దరు పైలట్ల విమానాల్లో అంతర్జాతీయ సర్వీసులకు 65 ఏళ్లతో ఎలాగూ ఆగాలి కాబట్టి, నా దగ్గర మిగిలిన కాలంలో ఫైల్ ఒక టేబుల్ మీద నిద్రపోయిన ప్రతి నెలా నాకు చాలా ఖరీదైనది. అందుకే నీ కడుపుమంట నాకు అర్థమవుతుంది.

నాకు బీపీ మందు మొదలుపెట్టినప్పుడు ఇలాగే ఆగాను. అప్పుడు ఒక పాత ఎగ్జామినర్ చెప్పిన మాట నాకు పనికొచ్చింది: ఫోన్ చేసి ‘ఎప్పుడవుతుంది’ అని అడగొద్దు, ‘అసెసర్ (ఫిట్టా కాదా తేల్చే అథారిటీ డాక్టర్) ముందుకు వెళ్లిందా, లేక కాగితాలు సరిచూసే దశలోనే ఉందా’ అని అడుగు. ఈ రెండూ వేరు. మొదటి ప్రశ్నకి ఎవరైనా ‘అయిపోతుంది సార్’ అనేస్తారు. రెండోదానికి ఫైల్ తెరిచి చూడక తప్పదు. చూశాక వాళ్లు ఏం చెప్పారో ఆ రోజే ఈమెయిల్‌లో రాసి పంపు: ‘మీరు ఫోన్లో చెప్పిన ప్రకారం నా ఫైల్ ఫలానా దశలో ఉంది’ అని. కోపంగా వద్దు, మర్యాదగా రాయి. రాతలో ఉన్న ఫైల్‌ని పక్కన పెట్టడం కష్టం.

రీసెన్సీ గురించి దిగులు పడకు. అది సిమ్యులేటర్‌లో తెచ్చుకోవచ్చు. సిమ్ నేల మీద ఉండే యంత్రం కాబట్టి చాలా చోట్ల అందులో కూర్చోవడానికి మెడికల్ అడ్డు రాదు. నీ కంపెనీ మాన్యువల్ చూసుకుని ట్రైనింగ్ వాళ్లతో మాట్లాడు. స్లాట్ ఖాళీ ఉంటే ఇంకొకరికి సపోర్ట్‌గా పక్క సీట్లో కూర్చో. చేతులకి అలవాటు తప్పదు, మనసుకీ మంచిది. నేను ఆ రోజుల్లో ఖాళీగా ఇంట్లో కూర్చుని ఉంటే పిచ్చెక్కేది.

లాస్ ఆఫ్ లైసెన్స్ ఇన్సూరెన్స్ (మెడికల్ పోయి ఎగరలేకపోతే డబ్బు ఇచ్చేది) ఉంటే పాలసీ కాగితం ఈ రోజే తీసి చదువు. తాత్కాలిక అన్‌ఫిట్‌కి డబ్బు ఇచ్చే పాలసీల్లో కూడా మొదట కొంత వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, సమాచారం ఎన్నాళ్లలో ఇవ్వాలో గడువూ ఉంటుంది. ఆ గడువు దాటితే వాళ్లు మొహం చూడరు.

ఇక ముందు ముందు పనికొచ్చే మాట. గడువు ముగిసే ముందరి 45 రోజుల్లో పరీక్ష చేయించుకుంటే పాత తేదీయే కొనసాగించవచ్చని అనెక్స్ 1 సూచన. చాలా అథారిటీలు ఇదే పాటిస్తాయి. అంటే ముందు వెళ్లినందుకు ఒక్క రోజు కూడా నష్టం లేదు. నేను ఆ 45 రోజుల కిటికీ తెరుచుకున్న మొదటి వారంలోనే వెళ్తాను. ఏదైనా బయటపడితే కాగితాలకి ఆ నెలన్నర దొరుకుతుంది. చివరి వారం దాకా ఆగే కుర్రాళ్లని చూస్తే నాకు భయమేస్తుంది.

నేల_డాక్టర్:

నేను పైలట్ మెడికల్స్ చేసే డాక్టర్‌ని. బల్లకి ఇవతలి వైపు నుంచి చెప్తాను.

ముందు సమగ్రమైన లెటర్ సంగతి. యూరాలజిస్ట్‌లు మామూలుగా రాసేది ఇలా ఉంటుంది: ‘రోగికి ప్రస్తుతం ఏ లక్షణాలూ లేవు. నీళ్లు ఎక్కువ తాగమని సలహా ఇచ్చాను. విమానం నడపడానికి ఫిట్.’ రోగికి ఆ మూడు వాక్యాలు చాలు. అసెసర్‌కి మాత్రం వాటితో ఏ పనీ జరగదు. ఫిట్టా కాదా తేల్చాల్సింది ఆయన. యూరాలజిస్ట్ నుంచి ఆయనకి కావలసింది ఆ తీర్పుకి ఆధారం. రాయి ఒకటేనా, ఇంకా ఉన్నాయా? ఎప్పుడు పడింది, ఏ స్కాన్‌తో నిర్ధారించారు, ఆ స్కాన్ తేదీ ఏది? రాయి దేనితో ఏర్పడింది? ఇంతకు ముందు వచ్చిందా, ఇంట్లో ఎవరికైనా ఉందా? రక్తంలో కాల్షియం, యూరిక్ యాసిడ్, క్రియాటినిన్ ఎంత? 24 గంటల మూత్ర పరీక్షలో ఏం తేలింది? మళ్లీ వచ్చే అవకాశం గురించి డాక్టర్ అంచనా ఏమిటి, మళ్లీ స్కాన్ ఎప్పుడు? వీటిలో చివరి మూడూ లేకుండానే చాలా లెటర్లు వస్తాయి. మీదీ అక్కడే ఆగి ఉంటుందని నా అనుమానం, ఎందుకంటే మీరు మూత్ర పరీక్ష మాటే ఎత్తలేదు.

ఆ అంచనాకి అంత ప్రాధాన్యం ఎందుకో చెప్తాను. ఎయిర్‌లైన్ పైలట్ల విషయంలో చాలా అథారిటీలు ‘ఒక శాతం రూల్’ అనేదాన్ని కొలతగా పెట్టుకుంటాయి. ఇద్దరు పైలట్లు ఉండే విమానంలో, ఒక పైలట్ ఏడాదిలో హఠాత్తుగా పనికిరాకుండా పోయే అవకాశం ఒక శాతం దాటకూడదని దాని సారాంశం. అసెసర్ మీ కాగితాల్లో వెతికేది ఆ అంకెకి ఆధారాన్ని. లెటర్‌లో ఆధారం లేకపోతే క్వెరీ వేయడం తప్ప ఆయనకి ఇంకో దారి ఉండదు.

అయితే, ఏం కావాలో చెప్పకుండా ‘సమగ్రంగా లేదు’ అని ఒక్క ముక్క రాసి పంపడం అన్యాయం. ఈ మాట నేను డాక్టర్‌గానే అంటున్నాను. అడగాల్సినవి ఒకేసారి, పేర్లతో అడగొచ్చు. జవాబు తెచ్చిన ఫైల్‌ని వరస చివరికి కాకుండా, అంతకు ముందు చూసిన డాక్టర్ దగ్గరికే పంపొచ్చు. ఈ రెండిటికీ కొత్త చట్టం అక్కర్లేదు, డబ్బూ అక్కర్లేదు.

ఇంకో పద్ధతి కూడా ఉంది. అమెరికా విమానయాన అథారిటీ ఎఫ్ఏఏ కొన్ని జబ్బుల జాబితా పెట్టుకుంది. వాటిలో నిర్ణీత షరతులు తీరితే ఎగ్జామినరే అక్కడికక్కడే సర్టిఫికెట్ ఇచ్చేయవచ్చు, ఫైల్ పైకి వెళ్లనక్కర్లేదు. బీపీ అందులో ఉంది, కిడ్నీలో కదలకుండా ఉన్న రాళ్లు కూడా ఉన్నాయి. ఇలా చేస్తే అసెసర్ టేబుల్ మీద నిజంగా ఆలోచించాల్సిన ఫైళ్లే మిగులుతాయి, గుండె, మూర్ఛ, మానసిక సమస్యల లాంటివి. ఇప్పుడు మీ ఆవగింజంత రాయి ఫైలూ, స్టెంట్ వేయించుకున్న పైలట్ ఫైలూ ఒకే వరసలో నిలబడుతున్నాయి.

మీ జూనియర్ అన్న మాటకి సూటిగా జవాబిస్తాను. మెడికల్‌కి ముందు సొంతంగా పరీక్షలు చేయించుకోవడం తప్పు కాదు, మంచిది కూడా. కానీ రాయి ఉందని తెలిసిన క్షణం నుంచి, అది తన పనికి అడ్డు రావచ్చు కాబట్టి ఫ్లయింగ్ ఆపాలి. ఆరోగ్యం తగ్గిందని తెలిసి లైసెన్స్ వాడకూడదని అనెక్స్ 1 చెప్తుంది. చేతిలో చెల్లుబాటయ్యే సర్టిఫికెట్ ఉన్నా సరే. తర్వాత మెడికల్‌కి వచ్చినప్పుడు ఫారంలో ఆ సంగతి రాయాలి. ఈ రెండూ చేసేవాడు ఏమీ దాచనట్టే. ఈ రెండూ మానేసి రాయి పడేదాకా ఎగురుతూ ఉంటే, ఆ రాత్రి మీకొచ్చిన నొప్పి అతనికి ఎక్కడ వస్తుందో ఎవరూ చెప్పలేరు.

టవర్_మైక్:

నేను ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌ని, మాది క్లాస్ త్రీ మెడికల్. మాకు గడువు ఎక్కువే, ఐకావో లెక్కన 40 లోపు వాళ్లకి 48 నెలలు. కానీ ఆగితే మా అవస్థా ఇదే, కన్సోల్ ముందుకి రానివ్వరు.

కుడిసీటు గారు చివర్లో అడిగిందే నాకు అన్నిటికంటే పెద్ద విషయం. అమెరికాలో 2022లో అచ్చయిన ఒక సర్వేలో 3,765 మంది పైలట్లు జవాబిచ్చారు. మెడికల్ పోతుందన్న భయంతో డాక్టర్ దగ్గరికి వెళ్లడం మానుకోవడమో, విషయం పూర్తిగా చెప్పకపోవడమో లాంటివి చేశామని అందులో సగానికి పైగా ఒప్పుకున్నారు. అంత మందినీ అబద్ధాలకోరులు అని తోసేయలేం. ఒక్కసారి అన్‌ఫిట్ అని రాస్తే వెనక్కి రావడానికి ఎన్నాళ్లు పడుతుందో తెలియని చోట మనుషులు ఇలాగే తయారవుతారు. ఆలస్యాన్ని ఆఫీసు పనితీరు సమస్యగానే చూస్తున్నారు. నా దృష్టిలో అది సేఫ్టీ సమస్య.

కుడిసీటు:

డాక్టర్ గారూ, మీ జవాబు ప్రింట్ తీసుకుని ఈ రోజు యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లాను. ఆయన చదివి, ‘ఇవన్నీ కావాలని మొదటే చెప్తే అప్పుడే రాసిచ్చేవాణ్ణి కదా’ అన్నారు. 24 గంటల మూత్ర పరీక్షకి పెద్ద క్యాన్ ఇచ్చారు. ఒక సందేహం. పొద్దున మొదటిది కలపాలా, వదిలేయాలా? ల్యాబ్‌లో ఒకరు ఒకటి, ఇంకొకరు ఇంకొకటి చెప్పారు. మళ్లీ దాని వల్ల క్వెరీ రాకూడదు.

కెప్టెన్ గారూ, ట్రైనింగ్ వాళ్లతో మాట్లాడాను. వచ్చే వారం సిమ్‌లో సపోర్ట్ సీట్‌కి రమ్మన్నారు. పాలసీ కూడా తీసి చూశాను, గడువు ఇంకా ఉంది. మీకు చాలా రుణపడ్డాను.

నేల_డాక్టర్:

మొదలుపెట్టే రోజు లేవగానే వచ్చేది వదిలేసి, ఆ టైమ్ రాసుకోండి. అక్కడి నుంచి ప్రతిదీ క్యాన్‌లోకే. మర్నాడు అదే టైమ్‌కి వచ్చే మొదటిది కూడా కలిపి ముగించండి. మొత్తం పరిమాణం రిపోర్ట్ మీద పడేలా చూసుకోండి, అసెసర్లు దాన్ని తప్పకుండా చూస్తారు. రాళ్లు వచ్చేవాళ్లకి రోజుకి రెండున్నర లీటర్ల మూత్రం అయ్యేలా నీళ్లు తాగమంటాం. పైలట్లలో చాలా మందికి ఇంత ఉండదు. కేబిన్ గాలిలో తేమ తరచూ 20 శాతం లోపే, పైగా వరస ఫ్లైట్ల మధ్య టాయిలెట్‌కి టైమ్ ఉండదని మీరంతా నీళ్లు మానేస్తారు. పరీక్ష రోజు మాత్రం కావాలని ఎక్కువ తాగొద్దు, మామూలుగా ఎలా ఉంటారో అలాగే ఉండండి. లెటర్ పంపేటప్పుడు పైన ఒక పేజీ పెట్టి, పాత క్వెరీ తేదీ, నంబర్ రాసి, ఏ ప్రశ్నకి జవాబు ఏ పేజీలో ఉందో రాయండి. ఫైల్ కొత్త డాక్టర్ చేతికి వెళ్లినా ఆయన మొదటి నుంచి వెతుక్కోనక్కర్లేదు.