పేరున్న యూనివర్సిటీలో రెండో ఆప్షన్ కోర్సా? పేరు లేని చోట కావాల్సిన కోర్సా? చదువు ఒత్తిడి సంగతీ చెప్పండి

మొదటి సెమిస్టర్ (ప్రశ్న)

రెండు చోట్ల సీటు ఖాయమైంది. ఒకటి ర్యాంకింగుల్లో బాగా పైనున్న యూనివర్సిటీ, కానీ అక్కడ వచ్చింది నా రెండో ఆప్షన్. ఇంకోటి పేరు చెబితే ఎవరూ పెద్దగా గుర్తుపట్టరు, అయితే కోరుకున్న కోర్సే వచ్చింది. ఇంట్లో అందరి ఓటూ పేరున్న దానికే. "ముందు చేరిపో, ఏడాది తర్వాత కోర్సు మార్చుకోవచ్చులే" అంటున్నారు.

ర్యాంకును ఎంతవరకు నమ్మాలి? ప్లేస్‌మెంట్ అంకెల్లో ఏం చూడాలి? చదువు భారం తట్టుకోలేక మధ్యలో డీలాపడిపోయేవాళ్ల గురించి చాలా వింటున్నాను. ఆ భారం ఎంతుంటుందో చేరకముందే తెలుసుకునే దారి ఉందా? చేరాక వెనకబడితే ఎక్కడ మొదలుపెట్టాలి? "కష్టపడు, అన్నీ అవే సర్దుకుంటాయి" లాంటి మాటలు వద్దండి. చేయాల్సిన పనులు చెప్పండి చాలు.

సిలబస్ సింహం

ముందు ఆ "ఏడాది తర్వాత మార్చుకోవచ్చులే" దగ్గర ఆగండి. మీ ఇంట్లోవాళ్ల వాదనంతా దానిమీదే నిలబడింది, అందులో అన్నిటికన్నా బలహీనమైన మాటా అదే. కోర్సు మార్పు నియమాలు యూనివర్సిటీ అకడమిక్ రెగ్యులేషన్స్‌లో రాసి ఉంటాయి. ఆ పత్రం తెరిచి ఇవి వెతకండి: సీటు ఖాళీ అయితేనే ఇస్తారా, మొదటి ఏడాది ఎంత గ్రేడు ఉండాలి, అప్పటిదాకా చేసిన క్రెడిట్లలో (సబ్జెక్టు పూర్తిచేస్తే ఖాతాలో పడే పాయింట్లు) ఎన్ని కొత్త కోర్సులో చెల్లుతాయి, స్కాలర్‌షిప్ ఉంటే అదీ వెంట వస్తుందా. తర్వాత అకడమిక్ ఆఫీసుకు ఒక మెయిల్ పెట్టండి: గత రెండేళ్లలో ఈ కోర్సు నుంచి ఆ కోర్సుకు ఎంతమంది దరఖాస్తు పెట్టారు, ఎంతమందికి ఇచ్చారు? జవాబు రాకపోయినా, "సందర్భాన్ని బట్టి" అని వచ్చినా, మార్పు దొరకదనుకునే నిర్ణయం తీసుకోండి. ఇంకో మెలిక ఉంది. మారాలంటే మంచి గ్రేడు కావాలి, ఆ గ్రేడు తెచ్చుకోవాల్సింది మీకు ఇష్టం లేని సబ్జెక్టుల్లో. చాలామంది ఇరుక్కుపోయేది అక్కడే.

ర్యాంకు దేన్ని కొలుస్తుందో చూస్తే సగం మోజు తగ్గుతుంది. 2003లో మొదలైన షాంఘై ర్యాంకింగ్‌లో 30 శాతం మార్కులు నోబెల్, గణితానికిచ్చే ఫీల్డ్స్ మెడల్ పొందిన పూర్వ విద్యార్థుల, అధ్యాపకుల లెక్కకే పోతాయి. మరో 20 శాతం నేచర్, సైన్స్ పత్రికల్లో వచ్చిన పరిశోధన వ్యాసాలకు. మొదటి ఏడాది పిల్లలకు పాఠం ఎలా చెబుతున్నారన్న దానికి ఒక్క మార్కూ లేదు. క్యూఎస్ అనే ఇంకో ర్యాంకింగ్ వాళ్లు అధ్యాపకుల్లో ఉన్న పేరుకు 30 శాతం, కంపెనీల్లో ఉన్న పేరుకు 15 శాతం ఇస్తారు. ఎంతమంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడన్న లెక్కకు దక్కేది 10 శాతం. పీహెచ్‌డీకి వెళ్లేవాళ్లకు ఇవి పనికొస్తాయి. డిగ్రీలో చేరేవాళ్లు చూడాలనుకుంటే మొత్తం ర్యాంకు కాకుండా సబ్జెక్టు ర్యాంకు చూడాలి. 40వ ర్యాంకుకీ 55వ ర్యాంకుకీ మధ్య తేడాను మాత్రం మనసులో పెట్టుకోకండి.

ప్లేస్‌మెంట్‌లో సగటు జీతం అడగొద్దు, మీడియన్ అడగండి, అంటే అందరినీ జీతం వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉండేవాళ్ల జీతం. పదిమందిలో తొమ్మిదిమందికి 5 లక్షల చొప్పున, ఒక్కరికి 55 లక్షలు వచ్చిందనుకోండి, సగటు 10 అవుతుంది. మీడియన్ 5. బ్రోచర్‌లో వేసేది 10, వీలైతే ఏకంగా 55. "90 శాతం ప్లేస్‌మెంట్" అన్నప్పుడు ఎంతమందిలో 90 అని కూడా అడగాలి. 200 మంది చేరి, 120 మంది ప్లేస్‌మెంట్‌కు నమోదు చేసుకుని, 108 మందికి ఉద్యోగం వస్తే అది 90 శాతమే. చేరినవాళ్ల లెక్కన అయితే 54. అన్నిటికన్నా నిజం చెప్పే అంకె ఇంకోటుంది, అది బ్రోచర్‌లో కనపడదు: మీ కోర్సులో చేరినవాళ్లలో సకాలంలో డిగ్రీ పూర్తిచేసినవాళ్లు ఎందరు?

ఇక భారం. దీన్ని చేరకముందే లెక్కకట్టొచ్చు. యూరప్ క్రెడిట్ పద్ధతిలో ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని. అంటే 1500 నుంచి 1800 గంటలు. పరీక్షలతో కలిపి 40 వారాలకు పంచితే వారానికి 38 నుంచి 45. అమెరికా లెక్కలో క్రెడిట్‌కు వారానికి గంట క్లాసు, బయట రెండు గంటల చదువు. 15 క్రెడిట్లకు 45. ఎటు తిప్పినా 45 దగ్గరే తేలుతుంది.

వారానికి 168 గంటలు. నిద్రకు 56, చదువుకు 45, తిండీ స్నానం బట్టలూ వగైరాకు రోజుకు మూడు చొప్పున 21. మిగిలింది 46. ఇల్లు దూరమై వెళ్లడానికి గంటన్నర, రావడానికి గంటన్నర పడితే అయిదు రోజులకు 15 పోయి 31 అవుతుంది. దాని మీద 20 గంటల పార్ట్‌టైమ్ పెట్టుకుంటే మిగిలేది 11. అందులో జ్వరం రావాలి, ల్యాప్‌టాప్ చెడిపోవాలి, స్నేహితులతో తిరగాలి. చేరాక వచ్చే ఒత్తిడిలో పెద్ద భాగం సీటు ఎంచుకునేటప్పుడే ఖరారైపోతుందని నేననేది అందుకే. మీ రెండు సీట్లకూ ఈ లెక్క విడివిడిగా కాగితం మీద వేసి ఇంట్లోవాళ్ల ముందు పెట్టండి.

వెళ్లి చూసే వీలుంటే ఓపెన్ డే రోజు కాకుండా మామూలు పనిరోజు వెళ్లండి. ఆఫీసువాళ్లను కాదు, రెండో ఏడాది వాళ్లను అడగండి. మొదటి ఏడాది వాళ్లకు ఇంకా తెలియదు, ఆఖరి ఏడాది వాళ్లు మొదటి ఏడాదిని మరచిపోయి ఉంటారు. "బాగుందా?" అంటే "బాగుంది" అనే అంటారు. ఇలా అడగండి: అసైన్‌మెంట్ దిద్ది ఎన్ని రోజుల్లో ఇస్తారు? మొత్తం మార్కుల్లో చివరి పరీక్షకు ఎంత శాతం? కేటలాగ్‌లో ఉన్న ఎలెక్టివ్‌లలో (మనమే ఎంచుకునే సబ్జెక్టులు) ఈ ఏడాది నిజంగా నడిచినవి ఏవి? డౌట్ వస్తే ఎవరి దగ్గరికి వెళ్తారు? ఈ చివరి ప్రశ్నకు వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటే మీకు జవాబు దొరికినట్టే.

పదో వారం

సింహం గారి లెక్కలతో పేచీ లేదు గానీ, పేరును మరీ తీసిపారేశారు. మొదటి ఉద్యోగానికి దరఖాస్తులు వడపోసేటప్పుడు యూనివర్సిటీ పేరు చూసే కంపెనీలు ఉన్నాయి. పక్కన కూర్చునేవాళ్లు గట్టిగా చదివేవాళ్లయితే ఆ ఊపు మనకూ అంటుతుంది. రెండు కోర్సులూ దగ్గరి చుట్టాలైతే, అంటే మొదటి రెండేళ్ల సబ్జెక్టులు సగానికి పైగా ఒకటే అయితే, పేరుకే ఓటు వేయొచ్చు. రెండు సిలబస్‌లు పక్కపక్కన పెట్టి కలిసే సబ్జెక్టులకు గీత కొట్టండి, అరగంట పని. కలవకపోతే మాత్రం సింహం గారి మాటే నాదీ.

వెనకబడటం గురించి అడిగావు కదా తమ్ముడూ, అది చెబుతాను. వెనకబడటం పరీక్షల ముందు జరగదు, మూడో వారంలో జరుగుతుంది. బయటపడేది పదో వారంలో.

మొదటి వారంలోనే అన్ని సబ్జెక్టుల తేదీలూ ఒకే షీట్‌లో ఎక్కించు. అడ్డంగా వారాలు, నిలువుగా సబ్జెక్టులు, గడిలో ఏం ఇవ్వాలో, దానికి ఎన్ని మార్కులో. అప్పుడు ఒకే వారంలో మూడు మీదపడే చోట్లు కంటికి కనపడతాయి. మధ్య సెమిస్టర్‌లో ఒకటి, చివర్లో ఒకటి తప్పకుండా ఉంటాయి. ఆ వారానికి పది రోజుల ముందే ఒక పని మొదలుపెట్టి ముగించెయ్యాలి. ప్రతి సబ్జెక్టు మాష్టారూ తన తేదీ ఒక్కటే చూసుకుంటారు, అన్నీ కలిపి చూసేది నువ్వొక్కడివే.

ఎంతసేపు పడుతుందన్న అంచనా ఎప్పుడూ తక్కువే వస్తుంది. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే పరిశోధకులు థీసిస్ రాసే విద్యార్థులను అడిగి చూశారు. సగటున 34 రోజుల్లో అయిపోతుందన్నారు, పట్టింది 55 పైనే. "అన్నీ ఎదురుతిరిగితే ఎన్ని రోజులు?" అంటే చెప్పినది కూడా 49, అదీ దాటిపోయింది. కాబట్టి నీకు తోచిన గంటలను ఒకటిన్నరతో గుణించి షీట్‌లో రాయి.

చదివే పద్ధతిలో పెద్ద మోసం మళ్లీ మళ్లీ చదవడం. రోడిగర్, కార్పికీ 2006లో చేసిన ప్రయోగం చూడు. ఒక పాఠాన్ని కొందరు రెండుసార్లు చదివారు, కొందరు ఒకసారి చదివి పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవాళ్లకు 81 శాతం గుర్తుంది, మూసి రాసినవాళ్లకు 75. వారం తర్వాత పెడితే తారుమారు: 42, 56. మళ్లీ చదివినప్పుడు "వచ్చేసింది" అనిపించేది ఆ అయిదు నిమిషాల జ్ఞాపకమే. అందుకని క్లాసైన రోజు సాయంత్రం తెల్లకాగితం మీద గుర్తున్నది రాసి, వదిలేసినవి ఎర్రపెన్నుతో చేర్చు. మూడో రోజు, వారానికి, మూడు వారాలకు అదే పాఠం మళ్లీ కాగితం మీదికి తేవాలి. ఒక్కోసారికి పావుగంట చాలు. లెక్కల సబ్జెక్టయితే సొల్యూషన్ చూసి "అర్థమైంది" అనుకుని పేజీ తిప్పకు. మూసేసి మొదటి గీత నుంచి చేసి చూడు, రెండో మెట్టు దగ్గరే ఆగిపోతావు. నీకు రానిది ఆ మెట్టే.

ఇప్పటికే వెనకబడి ఉంటే మొదటి చాప్టర్ నుంచి మొదలుపెట్టకు. చాలామంది మునిగేది ఇలాగే: పాతది పూర్తిచేసేలోపు కొత్తది మరో రెండు వారాలు పేరుకుంటుంది. ఈ వారం క్లాసు నుంచి పట్టుకో. దానికి అవసరమైన పాత ముక్క వరకే వెనక్కి వెళ్లు. మిగతా పాత బాకీ రోజుకు గంట, అంతే. ఒక లెక్క దగ్గర ఇరవై నిమిషాలు ఆగిపోతే ఆపి, ఎక్కడ ఆగావో, ఏం ప్రయత్నించావో రెండు వాక్యాలు రాసిపెట్టు. ఆ కాగితంతో మాష్టారి గదికి వెళితే పది నిమిషాల్లో తేలుతుంది. "సార్, ఈ యూనిట్ అంతా అర్థం కాలేదు" అంటే ఆయన మాత్రం ఏం చేస్తారు?

నైట్ ల్యాంప్

చదువు పద్ధతి గురించి బాగానే చెప్పారు, ఒంటి సంగతి నేను చేరుస్తాను.

18 నుంచి 25 ఏళ్లవాళ్లకు 7 నుంచి 9 గంటల నిద్ర కావాలి. పరీక్ష ముందురోజు రాత్రంతా మేలుకుంటే చదివింది నిలిచే సమయాన్నే కోసేసుకున్నట్టు, ఎందుకంటే జ్ఞాపకాలు గట్టిపడేది నిద్రలో. కాఫీలోని కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరుకు తాగింది రాత్రి పదకొండుకు ఇంకా సగం ఒంట్లోనే ఉంటుంది. మధ్యాహ్నం తర్వాత మానేస్తే చాలు, మొత్తం మానక్కర్లేదు.

"ఇక్కడ అందరూ తెలివైనవాళ్లే, నేనే పొరపాటున వచ్చాను" అనే భయం పేరున్న చోట మరీ ఎక్కువ. దీన్ని 1978లోనే క్లాన్స్, ఐమ్స్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు వర్ణించారు. మార్కులు బాగా వస్తున్నవాళ్లలోనే వాళ్లు దీన్ని చూశారు. కాబట్టి ఆ భయం ఉందంటే మీకు చదువు రాదని కాదు.

పరీక్షల ముందు కంగారు మామూలే, పరీక్ష అయ్యాక దిగిపోతుంది. దిగులు రోజులో ఎక్కువసేపు, రెండు వారాలు దాటి ఉన్నా, ఇష్టమైన పనులమీద కూడా ఆసక్తి పోయినా, నిద్రా తిండీ తారుమారైనా కౌన్సెలర్ దగ్గరికో డాక్టర్ దగ్గరికో వెళ్లాలి. చాలా చోట్ల అపాయింట్‌మెంట్‌కు వారాలు పడుతుంది, అందుకే మరీ ముదిరేదాకా ఆగొద్దు. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే అపాయింట్‌మెంట్ కోసం చూడకండి. ఆ రోజే ఎమర్జెన్సీకి వెళ్లాలి, పక్కన ఒక మనిషి ఉండాలి. స్నేహితుడి విషయంలో అనుమానం వస్తే నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు.

ఒంట్లో బాగాలేక గడువు పెంచమని అడగాలంటే గడువుకు ముందే, డాక్టర్ చీటీతో అడగండి. ముందు అడిగితే అది అభ్యర్థన, తర్వాత అడిగితే అప్పీలు. రెండోదానికి కమిటీ కావాలి.

మొదటి సెమిస్టర్

అందరికీ థ్యాంక్సండీ. సిలబస్‌లు పక్కన పెట్టి చూశాను, మొదటి రెండేళ్లలో కలిసేవి మూడో వంతు కూడా లేవు. మార్పు నియమాల గురించి మెయిల్ పెట్టాను. ఇంకో డౌట్: ఒక సబ్జెక్టు మరీ మోయలేకపోతే మధ్యలో డ్రాప్ చేస్తే రికార్డులో మచ్చ పడదా?

సిలబస్ సింహం

సాధారణంగా రెండు గడువులు ఉంటాయి. మొదటిదానిలోపు తీసేస్తే ఆ సబ్జెక్టు రికార్డులోకే రాదు. రెండోదానిలోపు తీసేస్తే "విత్‌డ్రా" అని పడుతుంది, గ్రేడు సగటులో కలవదు. ఆ తర్వాత వదిలేస్తే ఫెయిల్. విత్‌డ్రా ఒకటి ఉంటే ఎవరూ పట్టించుకోరు, ఫెయిల్ సగటును లాగేస్తుంది. అయితే డ్రాప్ చేసేముందు మిగిలే క్రెడిట్లు లెక్కపెట్టండి. పూర్తికాల విద్యార్థిగా ఉండాలంటే ఇన్ని క్రెడిట్లు తగ్గకూడదని నియమం ఉంటుంది, స్కాలర్‌షిప్, హాస్టల్, వేరే దేశంలో చదివేవాళ్లకైతే వీసా కూడా దానికే ముడిపడి ఉంటాయి. ఆ సబ్జెక్టు మళ్లీ ఏ సెమిస్టర్‌లో పెడతారో కూడా చూడండి. ఏడాదికి ఒక్కసారే పెట్టేదై, దాని మీద ఇంకో రెండు సబ్జెక్టులు ఆధారపడి ఉంటే మొత్తం డిగ్రీయే ఏడాది వెనక్కి జరుగుతుంది. ఫీజు వాపసు గడువు వీటన్నిటికన్నా ముందే ముగిసిపోవచ్చు, ఆ తేదీని కూడా మొదటి వారం షీట్‌లోనే ఎక్కించండి.