అమెరికా జూనియర్ కాలేజీలో బాస్కెట్‌బాల్ సీటు: కన్సల్టెన్సీకి డబ్బు కట్టాలా?

కూర్మన్నపాలెం అమ్మ

అందరికీ నమస్తే. మా అబ్బాయి సీనియర్ ఇంటర్ ఎంపీసీ, వైజాగ్‌లోనే. ఆరడుగుల మూడంగుళాలు. స్కూల్ గేమ్స్ అండర్-19లో రాష్ట్రానికి ఆడాడు. సాయంత్రం అయితే చాలు, పుస్తకం మూసేసి బంతి పట్టుకుని పోతాడు. ఈ మధ్య ఒక కన్సల్టెన్సీ వాళ్లు, అమెరికాలో జూనియర్ కాలేజీకి (మన ఇంటర్ కాలేజీ కాదు, ఇంటర్ తర్వాత రెండేళ్లు చదివేది) ఆడితే చదువు, హాస్టల్, తిండి అన్నీ ఫ్రీ, రెండేళ్ల తర్వాత పెద్ద యూనివర్సిటీలో సీటు గ్యారంటీ అంటున్నారు. ముందు మూడు లక్షలు కట్టాలట. కాలేజీ పేరు మాత్రం కట్టాకే చెప్తారట! మావారు సగం ఒప్పేసుకున్నారు. నాకే టెన్షన్‌గా ఉంది. అలా వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

వాల్తేరు పాయింట్‌గార్డ్

ఆంటీ, ముందు ఆ మూడు లక్షలు ఆపండి. నేను ఏయూ కోర్టులో ఆట నేర్చుకుని కాన్సాస్‌లో రెండేళ్లు జూనియర్ కాలేజీకి ఆడాను. మధ్యలో ఏ ఏజెంటూ లేడు.

అన్నీ ఫ్రీ అన్న మాట కొన్నిచోట్ల నిజమే, అందుకే జనం పడిపోతారు. అక్కడ చాలా జూనియర్ కాలేజీల ఆటలు ఎన్‌జేసీఏఏ అనే సంఘం కింద నడుస్తాయి. అందులో మూడు డివిజన్లు. ఒకటో డివిజన్ కాలేజీలు ఫీజు, హాస్టల్, భోజనం, పుస్తకాలు అన్నీ ఇవ్వొచ్చు. రెండో డివిజన్‌లో ఫీజు, పుస్తకాల వరకే, గది అద్దె, తిండి మన జేబులోంచే. మూడో డివిజన్‌లో ఆటకని పైసా రాదు. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలు అసలు ఈ సంఘంలోనే లేవు, అక్కడా ఆట స్కాలర్‌షిప్ ఉండదు. పైగా ఇవ్వొచ్చు అన్నాను గానీ ఇస్తారు అనలేదు. అది కోచ్ దగ్గరున్న బడ్జెట్‌ని బట్టి.

అక్కడ చదువే రెండేళ్లు కాబట్టి ఏటా జట్టు సగం ఖాళీ అవుతుంది. సీజన్ అయిపోయిన దగ్గర్నుంచి వేసవంతా కోచ్‌లు కుర్రాళ్ల కోసం వెతుకుతూనే ఉంటారు. కాలేజీ వెబ్‌సైట్‌లో కోచ్‌ల ఈమెయిళ్లు ఉంటాయి. అసిస్టెంట్ కోచ్‌కి రాయించండి, మెయిళ్లు ఓపిగ్గా చదివేది ఆయనే. రాయాల్సింది మీ అబ్బాయి, మీరు కాదు. అరపేజీ వినయం అక్కర్లేదు. బూట్లు లేకుండా ఎత్తెంత, ఏ పొజిషన్, ఇంటర్ ఎప్పుడు పూర్తవుతుంది, వీడియో లింకు. అంతే.

అసలు సంగతి ఆ వీడియోలోనే ఉంది. మనవాళ్లు నాలుగు డంకులు, పది మూడు పాయింట్ల షాట్లు ఏరి, వెనక సినిమా బీజీఎం కొట్టి పంపిస్తారు. కోచ్ అది చూసి, బాగుంది, పూర్తి మ్యాచ్ పంపు అంటాడు. అక్కడ మనవాడు మాయం. స్వర్ణభారతి స్టేడియంలో మ్యాచ్ ఉన్నప్పుడు గ్యాలరీ పైమెట్టు మీద, మధ్యగీతకి ఎదురుగా ట్రైపాడ్ పెట్టించండి. జూమ్ చెయ్యొద్దు, వీలైనంత వరకు పదిమందీ కనబడాలి, జెర్సీ నంబరు తెలియాలి. చేతిలో బంతి లేనప్పుడు వాడేం చేస్తున్నాడు, షాట్ పోయాక వెనక్కి పరిగెత్తాడా నడిచాడా, బయటికి పిలిస్తే బెంచీ మీద మొహం ఎలా పెట్టాడు, కోచ్‌లు చూసేది అదే. మా కోచ్ మొదటి ఫోన్‌లోనే, మూడో క్వార్టర్‌లో నువ్వు కాపు కాస్తున్నవాడు నిన్ను దాటేస్తే వెంటపడకుండా నడుస్తూ ఉండిపోయావేంటి అని అడిగాడు. నా పాసుల గురించి ఒక్క ముక్క లేదు!

కోచ్ సరే అంటే లెటర్ ఆఫ్ ఇంటెంట్, అంటే స్కాలర్‌షిప్ ఒప్పంద పత్రం, వస్తుంది. అది ఒక్క విద్యాసంవత్సరానికే. ఏమేం ఇస్తారో అందులో చూసుకోండి. హెల్త్ ఇన్సూరెన్స్ ఎవరు కడతారు, సెలవుల్లో హాస్టల్ తెరిచి ఉంచుతారా, ఇవి ముందే అడగండి. క్రిస్మస్‌కి మా మెస్ మూసేస్తే నేనూ ఓ సెర్బియా కుర్రాడూ రైస్ కుక్కర్‌లో ఉప్మా చేసుకుని గడిపాం. వాడికి ఉప్మా తెగ నచ్చేసింది, అది వేరే కథ. పార్ట్‌టైమ్ చేసి సర్దుకుంటాడులే అనుకోవద్దు, ఎఫ్-1 (స్టూడెంట్) వీసా మీద పని చేసేది క్యాంపస్‌లోనే, చదువు నడిచే రోజుల్లో వారానికి 20 గంటల లోపే.

పెద్ద యూనివర్సిటీ గ్యారంటీ మాత్రం ఎవరూ ఇవ్వలేరు. జిమ్మీ బట్లర్ టెక్సాస్‌లోని టైలర్ జూనియర్ కాలేజీలో మొదలెట్టి 2011లో అక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏకి ఎంపికయ్యాడు, నిజమే. ప్రతి ఏజెంటూ చెప్పే పేరు అదే. జూనియర్ కాలేజీ నుంచి ఎన్‌సీఏఏ (నాలుగేళ్ల యూనివర్సిటీల ఆటల సంఘం) డివిజన్ వన్ యూనివర్సిటీకి మారాలంటే కనీసం 2.5 జీపీఏ (నాలుగుకి) కావాలి, చదివిన క్రెడిట్లు అక్కడ చెల్లాలి. నాతో ఆడినవాళ్లలో చాలామంది ఆట తక్కువై ఆగిపోలేదు, ఇంగ్లిష్ కంపోజిషన్ సబ్జెక్టు దగ్గర ఆగిపోయారు.

రిటైర్డ్ పీడీ

అమ్మా, ఈ కుర్రాడు చెప్పింది సరైనదే. ఒక్కటి కలుపుతాను. మన దగ్గర ఆరడుగుల మూడంగుళాలు ఉంటే ఏ పీడీ (ఆటల మాస్టారు) అయినా బాస్కెట్ బోర్డు కింద నిలబెట్టేస్తాడు. అక్కడ ఆ ఎత్తువాళ్లు బయటి నుంచి బంతి నడిపించే గార్డులు. మీవాడు ఎడమచేత్తో బంతి తీసుకెళ్లగలడా, ఎదుటివాడు మీద పడుతుంటే తల ఎత్తి పాస్ ఇవ్వగలడా చూడండి. లేదంటే ముందు ఆ పని మీద కూర్చోవాలి. ఇక్కడే ఉండి బాగా ఆడితే రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం ఉంది, దాన్నీ చిన్నచూపు చూడొద్దు.

కూర్మన్నపాలెం అమ్మ

ఇద్దరికీ చాలా థాంక్స్. కన్సల్టెన్సీకి వద్దని మావారితో చెప్పించేశాను. మాస్టారూ, మావాడు బోర్డు కిందే ఆడతాడండి, మీరన్నట్టే. ఇంకో విషయం, సిగ్గుగానే అడుగుతున్నా: వాడికి ఫస్టియర్ మ్యాథ్స్ ఒకటి ఉండిపోయింది. ఆటగాడే కదా, అక్కడ పట్టించుకోరంటున్నాడు.

వాల్తేరు పాయింట్‌గార్డ్

పట్టించుకుంటారు ఆంటీ! ఇంటర్ పాస్ సర్టిఫికెట్ లేకపోతే అడ్మిషనే ఇవ్వరు, అడ్మిషన్ లేకపోతే ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) రాదు, ఐ-20 లేకుండా హైదరాబాద్ కాన్సులేట్‌కి వెళ్లి చేసేదేమీ లేదు. సప్లీలో పాసైనా మెమో వచ్చి, వీసా స్లాట్ దొరికి, ఆగస్టులో సెమిస్టర్ మొదలయ్యేలోగా అన్నీ కుదరడం కష్టం. వచ్చే ఏడాది ఆగస్టుకి పెట్టుకోండి. మధ్యలో దొరికే ఏడాదిలో మాస్టారు చెప్పిన ఎడమచెయ్యి చూసుకోవచ్చు. మెయిల్‌లో మాత్రం ఆ మ్యాథ్స్ సంగతి దాచొద్దని చెప్పండి, కోచ్ రెండో ఫోన్‌లోనే మార్కుల మెమో అడుగుతాడు. వీడియో తీశాక ఇక్కడ లింకు పెట్టండి, చూసి చెప్తా.