షాకిల్టన్ బిలం నమూనా: అడుగున నీడ నల్లగా పడటం లేదు

బొబ్బిలి దగ్గర హైస్కూల్లో సైన్స్ చెబుతాను. చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గరి షాకిల్టన్ బిలం నమూనా పిల్లలతో చేయిస్తున్నాను. అసలుది 21 కి.మీ. వెడల్పు, సుమారు 4 కి.మీ. లోతు. మాది బంకమన్నుతో 21 సెం.మీ., 4 సెం.మీ. చంద్రుడి అక్షం వంపు 1.5 డిగ్రీలే కదా, ధ్రువం దగ్గర సూర్యుడు ఎప్పుడూ నేలకు ఆనినట్టే కనిపిస్తాడు, అందుకే ఎల్‌ఈడీ టార్చిని 2 మీటర్ల దూరంలో, బిలం అంచుకంటే 5 సెం.మీ. ఎత్తున పెట్టాం. నేరు వెలుగు అడుగుకు దిగట్లేదు. అయినా మంచుకు గుర్తుగా చల్లిన ఉప్పు పలుకులు స్పష్టంగా కనిపిస్తున్నాయి!

కిటికీలకు దుప్పట్లు కట్టాం, వెనక గోడకు నల్లగుడ్డ వేశాం, మన్నులో బొగ్గుపొడి కలిపాం. తేడా లేదు. ఎదుటి అంచు మీద వెలిగే సన్నటి గీతే లోపలికి కాంతి తిప్పికొడుతోందని నా అనుమానం. నిజం బిలంలోనూ కొంత అలా పడుతుంది, అయినా అడుగు మైనస్ 150 డిగ్రీలకంటే చల్లగానే ఉంటుంది. ఆ చీకటిని పిల్లలు కళ్లారా చూడాలి.

ఆ తిరుగు కాంతి తగ్గాలంటే బిలం లోపలి గోడకు, మా ఊళ్లో దొరికేది, ఏం పూయాలి?